బోరింగు వాషరు కథ

విద్యార్థులారా, బోరింగు కొట్టి బిందె నింపిన అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. కొన్ని బోరింగులను ఎంతసేపు కొట్టినా సన్నటి ధారే వస్తుంది. "వాషర్లు పోయాయి" అంటారు పెద్దలు. ఆ వాషర్లు ఎలా పోతాయి? అవి పోతే ఊరంతా ఎందుకు ఇబ్బంది పడాలి? ఈ పాఠంలో మన గ్రామీణ తాగునీటి చరిత్రను ఆ చిన్న వస్తువు వైపు నుంచి చూద్దాం.

1966-67లో బీహార్, ఉత్తరప్రదేశ్ ప్రాంతాలను తీవ్రమైన కరువు పీడించింది. ఆ తర్వాత యునిసెఫ్ సహాయంతో గట్టిరాతిని తొలిచే యంత్రాలు మన దేశానికి వచ్చాయి. తెలంగాణ, రాయలసీమ వంటి రాతినేలల్లో కూడా లోతైన బోర్లు వేయడం సాధ్యమైంది. అయితే ఆ బోర్ల మీద బిగించిన పోత ఇనుప పంపులు పాశ్చాత్య దేశాల్లో ఒక కుటుంబం వాడుకునే పంపులకు నకళ్లు. వాటిని రోజంతా ఊరంతా కొడితే ఏమవుతుంది? 1970ల మధ్య నాటికి చాలాచోట్ల పాడైపోయిన పంపులే ఎక్కువగా కనిపించాయి.

మహారాష్ట్రలోని జాల్నా, షోలాపూర్‌లలో కొందరు ఉక్కుతో గట్టి పంపులను తయారు చేశారు. ఆ అనుభవం పునాదిగా యునిసెఫ్, మన ప్రభుత్వ సంస్థలు, మద్రాసులోని రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కర్మాగారం కలిసి "ఇండియా మార్క్ 2" పంపును రూపొందించాయి. 1979లో దానికి భారతీయ ప్రమాణం ఏర్పడింది. నేల పైన కనిపించే భాగం బాగా గట్టిపడింది. దాంతో అసలు చిక్కు నేల కిందికి దిగింది.

అక్కడ నీటిలో మునిగి ఒక సిలిండరు ఉంటుంది. దాని లోపలి ఇత్తడి గొట్టం వ్యాసం 63.5 మిల్లీమీటర్లు. పిస్టన్ ఒక్కో దెబ్బకు 125 మిల్లీమీటర్లు కదులుతుంది. లెక్క వేయండి: దెబ్బకు సుమారు 400 మిల్లీలీటర్లు, 40 దెబ్బలకు దాదాపు 16 లీటర్లు. పిస్టన్ చుట్టూ ఉన్న కప్పు ఆకారపు వాషరు ఇత్తడి గోడను అంటిపెట్టుకొని ఉంటేనే ఈ లెక్క నిజమవుతుంది. వాషరు అంచు అరిగితే పైకి రావలసిన నీరు పక్కనుంచి కిందికి జారిపోతుంది.

దాన్ని అరగదీసేది బోరు నీటిలోని ఇసుక. క్వార్ట్జ్ రేణువు ఇత్తడి కన్నా ఎంతో గట్టిది. అది వాషరుకూ గోడకూ మధ్య చిక్కి ప్రతి దెబ్బకూ గీస్తుంది. ఇక్కడొక విచిత్రం గమనించండి. వాషరు మరీ మెత్తగా ఉంటే రేణువు దానిలోనే గుచ్చుకొని స్థిరపడుతుంది. అప్పుడు మెత్తని వాషరే ఆకురాయిలా మారి గట్టి ఇత్తడిని తినేస్తుంది!

మొదట వాడినవి తోలు వాషర్లు. తోలు నీటిలో నాని ఉబ్బుతుంది. ఒక ముక్క ఉన్నట్టు ఇంకో ముక్క ఉండదు. రబ్బరు వేరు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో వేడి చేసి గట్టిపరిచాక అది యంత్రాలకు పనికివచ్చింది. కార్బన్ బ్లాక్ కలిపితే అరుగుదలను మరింత తట్టుకుంటుందని తర్వాత తెలిసింది. 1930లలో జర్మనీలో నైట్రైల్ రబ్బరు తయారైంది. నూనెలకు చెడకపోవడం దాని ప్రత్యేకత. చివరికది మన మంచినీళ్ల బోరింగులోకి చేరింది! రబ్బరు రేణువు కింద ఒదిగి, అది దాటగానే తిరిగి లేస్తుంది. అందువల్ల ప్రతి గీతా కోత కాదు. కానీ లక్షలసార్లు సాగితే అదీ అలసి చిరుగుతుంది. ఒకే దిశలో అరిగిన రబ్బరు మీద జారుడుకు అడ్డంగా చిన్న గట్లు ఏర్పడతాయని 1950లలో షాలమాక్ అనే శాస్త్రవేత్త వివరంగా పరిశీలించాడు.

1980లలో కోయంబత్తూరు ప్రాంతంలో పంపులను ఏళ్ల తరబడి పరీక్షించారు. తోలు కన్నా నైట్రైల్ వాషర్లు ఎంతో ఎక్కువ కాలం మన్నాయి. అయినా సమస్య సగమే తీరిందని నా అభిప్రాయం. ఎందుకంటే మార్క్ 2లో వాషరు మార్చాలంటే పైపులన్నీ పైకి లాగాలి. 30 మీటర్ల లోతుకు 3 మీటర్ల ఇనుప పైపులు పది! మనుషులు, పనిముట్లు, వాహనం కావాలి. వాషరు ధర స్వల్పమే, దానికోసం ఎదురుచూసే రోజులే భారం. అన్నాళ్లూ ఆడవాళ్లు దూరపు బావికి నడిచేవారు.

కోయంబత్తూరు పరీక్షల నుంచి వచ్చిన మార్క్ 3లో పైపు వెడల్పు పెంచారు. పిస్టన్‌ను రాడ్లతో పాటు పైపులోంచే పైకి తీయవచ్చు. అయితే వెడల్పు పైపు బరువెక్కువ, ఖర్చెక్కువ. కాబట్టి మార్క్ 2 కూడా కొనసాగింది. 1990ల ఆరంభంలో ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో మహిళా సమాఖ్య ద్వారా గ్రామీణ స్త్రీలే పంపుల మరమ్మతు నేర్చుకున్నారు. అంతకుముందు అది మగవాళ్ల పని.

మీ ఊళ్లో ఈసారి బోరింగు విప్పినప్పుడు దగ్గరే నిలబడి చూడండి. తీసేసిన పాత వాషరును మెకానిక్కును అడిగి తీసుకోండి. అంచును కొత్త వాషరు పక్కన పెట్టి కొలవండి. వేలితో తడిమితే ఇసుక గీతలు తెలుస్తాయి.