విరిగిన పాలకూ ఒక చరిత్ర ఉంది



మన పావగడ తాలూకా ఎండల సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. వేసవిలో పొద్దున పితికిన పాలను కాచడం కాస్త ఆలస్యమైతే చాలు, పొయ్యి మీదనే విరిగిపోతాయి. నా చిన్నతనంలో మా ఇంట్లో పాలు విరిగాయంటే అది అపశకునం కిందే లెక్క. మా అవ్వ ఆ గిన్నెను నలుగురి కంటా పడకుండా పెరట్లోకి తీసుకుపోయి కుక్కకు పోసేది. ఆ పూట పాలు కాచింది కొత్త కోడలైతే ఇక మాటలు తప్పేవి కావు. "అడుగుపెట్టిన వేళ అట్లాంటిది" అనేవారు. మా చిన్నమ్మ ఒకరోజు ఆ మాట పడి, చెంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చిన సంగతి నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ రోజుల్లో మాకు తెలియనిదేమిటంటే, పాలను కావాలనే విరిచి, ఆ ముద్దతో రుచికరమైన వంటకాలు చేసుకున్న వారు ఒకప్పుడు మన దేశంలోనే, మన సీమను ఏలిన రాజుల వంటింట్లోనే ఉన్నారు. ఆ కథ కొంచెం చెప్పుకుందాం.

ఇవాళ బెంగుళూరు హోటళ్లలో పిల్లలు ఇష్టంగా అడిగే పలహారం ఒకటుంది. చీజు ముక్కలను పిండిలో ముంచి, రొట్టె పొడి అద్ది, నూనెలో వేయించి ఇస్తారు. ఇది ఇటలీ పద్ధతి అంటారు. నిజమే. ఆ దేశంలో నేపుల్స్ నగరం ఉన్న కంపానియా ప్రాంతంలో మొజరెల్లా అనే జున్ను చేస్తారు. దాన్ని రెండు రొట్టె ముక్కల మధ్య పెట్టి, గుడ్డు సొనలో ముంచి వేయించడం అక్కడి ఇళ్లలో పాత అలవాటు. బార్తొలొమెయో స్కప్పి అనే వంటవాడు 1570లో అచ్చువేయించిన పుస్తకంలో మొజరెల్లా అనే పేరు కనిపిస్తుంది. అక్కడ పేరుపొందిన మొజరెల్లా ఆవు పాలది కాదు, ఎనుము పాలది. ఆ ఎనుములకు పుట్టిల్లు మన ఉపఖండమే.

ఇటలీలో జున్నును వేయించే అలవాటు ఇంకా పాతది. క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్దంలో, అంటే రోమ్ రాజ్యం పెరుగుతున్న రోజుల్లో, కేటో అనే పెద్దమనిషి సేద్యం గురించి ఒక గ్రంథం రాశాడు. అందులో పొలం పనులతోపాటు వంటలూ ఉన్నాయి. జున్నును గోధుమజాతి ధాన్యపు రవ్వతో కలిపి ఉండలు చేయాలి. కాగిన కొవ్వులో ఒకటి రెండు చొప్పున వేసి, రెండు పుల్లలతో తిప్పుతూ వేయించాలి. తీసిన తర్వాత తేనె పూసి, పైన గసగసాలు చల్లాలి. ఇది కేటో చెప్పిన పద్ధతి.

ఇప్పుడు మన వైపు వద్దాం. కేటో తర్వాత సుమారు 1300 సంవత్సరాలకు, కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు సంస్కృతంలో మానసోల్లాసం అనే గ్రంథం రచించాడు. దాని కాలం 1130 ప్రాంతం. రాజనీతి, ఏనుగులు, సంగీతం వంటి విషయాలతోపాటు రాజుగారి భోజనం గురించి కూడా అందులో వివరంగా ఉంది. అక్కడ క్షీరప్రకారం అనే వంటకం వస్తుంది. కాగిన పాలను పులుపుతో విరిచి, గుడ్డలో వడగట్టి, నీరు పోయిన ముద్దలో బియ్యప్పిండి కలిపి, ఉండలు చేసి నేతిలో వేయించి, చక్కెర పాకంలో వేయడం దాని పద్ధతి.

గమనించారా? ఒకరు తేనె అన్నారు, మరొకరు చక్కెర అన్నారు. ఒకరు రవ్వ కలిపారు, మరొకరు బియ్యప్పిండి కలిపారు. పని మాత్రం ఒక్కటే. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారని నేను అనడం లేదు. పాలు, పిండి, కాగే మూకుడు ఉన్న చోట మనిషికి తోచే ఆలోచన అది.

సోమేశ్వరుని రాజధాని కల్యాణి మనకు చాలా దూరమే. కానీ మన తాలూకాలోని నిడుగల్లు కొండను ఏలిన చోళవంశపు నాయకులు ఆ చాళుక్యులకు సామంతులుగా ఉన్నవారే. కాబట్టి అది పరాయివారి వంటకం అనలేం.

పాలు విరవడం పాపమని మనవారు తలచేవారనీ, పోర్చుగీసువారు వచ్చి బెంగాలులో ఆ విద్య నేర్పారనీ ఒక వాదం ఉంది. బెంగాలు సంగతి ఎట్లున్నా, వాస్కోడగామా మన తీరానికి చేరింది 1498లో. సోమేశ్వరుని గ్రంథం అంతకు మూడున్నర శతాబ్దాలు ముందుది. మరి పల్లెల్లో ఆ విద్య ఎందుకు నిలవలేదు? నా ఊహ చెబుతాను. మనకు పాలంటే పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి. మైసూరు చిక్కదేవరాజ ఒడెయరు పశువుల శాఖకు పెట్టిన పేరే బెణ్ణె చావడి, అంటే వెన్న చావడి. ఆ శాఖనే తర్వాత టిప్పు సుల్తాను అమృత్ మహల్ అన్నాడు. తోడు పెడితే అంతా పనికివచ్చే పాలను విరిచేదెందుకని మన ఆడవాళ్లు అనుకొని ఉంటారు. అది లెక్క తెలిసిన మాటే. కానీ ఆ లెక్క కాస్తా శకునంగా మారి, కోడళ్ల మీద పడింది.

ఇక ఇంట్లో చేసే పద్ధతి చెబుతాను. ఒక లీటరు తాజా పాలు కాగి పొంగు వచ్చాక మంట తగ్గించి, రెండు చెంచాల నిమ్మరసం కొద్దికొద్దిగా పోయండి. విరుగు ఒకవైపు, పచ్చని తేట ఒకవైపు విడిపోతాయి. పలుచని గుడ్డలో వడగట్టి, చన్నీళ్లతో ఒకసారి కడిగి, మూటకట్టి, గంటసేపు బరువైన రాయి కింద ఉంచండి. ఆవు పాలైతే సుమారు 150 గ్రాములు, ఎనుము పాలైతే ఇంకా ఎక్కువ ముద్ద వస్తుంది. దాన్ని బొటనవేలంత ముక్కలుగా కోసి, ఉప్పు, మిరియాల పొడి చల్లండి. మైదాను బజ్జీల పిండిలా జారుగా కలిపి, అందులో ముంచి, రస్కుల పొడిలో దొర్లించి, బాగా కాగిన శనగనూనెలో ఎర్రగా వేయించండి. శనక్కాయలు పండే సీమ మనది, నూనెకు కొదవ లేదు. తేటను పారబోయకండి, చపాతీ పిండి కలపడానికి పనికివస్తుంది.

ఒక తేడా ఉంది. ఇటలీ మొజరెల్లాను పేగురసంతో పేరబెట్టి, వేడినీళ్లలో సాగదీసి చేస్తారు. అందుకే అది వేడికి కరిగి తీగలా సాగుతుంది. నిమ్మరసంతో విరిచిన మన ముద్ద కరగదు, ముక్క ముక్కగానే నిలుస్తుంది. మూకుట్లో కారిపోతుందన్న భయం లేదు. మరొక జాగ్రత్త. వాటంతట అవే విరిగిన పాలు చెడు వాసన వేస్తే వాడకండి. పులిసిన పాలకు శకునం అంటగట్టడం ఎంత తప్పో, చెడిన పాలను పిల్లలకు పెట్టడమూ అంతే తప్పు.

మొన్న వేసవిలో ఊరికి వెళ్లినప్పుడు చిన్నమ్మ మనవరాలు చీజు ముక్కలు కావాలని పేచీ పెట్టింది. నేను చెప్పినట్టే చిన్నమ్మ పాలు కాచి, తన చేతులతోనే నిమ్మకాయ పిండింది. పాలు విరుగుతుంటే ఒక్క నిమిషం గిన్నెలోకి చూస్తూ ఉండిపోయింది. తర్వాత నవ్వి, "ఈ మాట ఆనాడే ఎవరైనా మా అత్తకు చెప్పి ఉంటే బాగుండేది కదా" అంది.

ఆ మాట మీ ఇళ్లలో ఈనాడైనా చెబుతారని ఆశిస్తూ, సెలవు.