పెద్ద అక్షరాలా, శీర్షికా?

1991 చివర్లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో, వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ ఒక చిన్న పట్టిక రాసి పెట్టాడు. దాని పేరు 'హెచ్‌టీఎమ్ఎల్ ట్యాగ్స్'. వెబ్ పేజీ రాయదలచుకున్నవాళ్ల కోసం అందులో ఇచ్చిన గుర్తులు 18. ఇది పేజీ పేరు, ఇది శీర్షిక, ఇక్కడ పేరా మారుతుంది, ఇది జాబితాలో ఒక అంశం, ఇది చిరునామా, ఇది ఇంకో పేజీకి దారి. ఇలాంటివే అన్నీ. రంగు గురించి ఒక్క గుర్తూ లేదు. అక్షరం ఇంత సైజులో ఉండాలని చెప్పే వీలు లేదు. బొమ్మ పెట్టే మార్గమే లేదు.

అలా వదిలేయడానికి బలమైన కారణం ఉంది. సెర్న్‌లో ఒక్కో బృందం ఒక్కో రకం కంప్యూటర్ వాడేది. కొన్ని తెరల మీద ఒకే సైజు అక్షరాలు తప్ప మరేమీ కనిపించవు. బెర్నర్స్-లీ బల్ల మీదున్న నెక్స్ట్ యంత్రం మాత్రం రకరకాల ఫాంట్లు చూపించగలదు. ఒకే పేజీని అన్ని తెరల మీదా చదవాలంటే 'ఇది శీర్షిక' అని చెప్పి ఊరుకోవాలి. దాన్ని పెద్దగా చూపాలో, మధ్యకు జరపాలో ఆ యంత్రమే తేల్చుకుంటుంది.

ఈ పద్ధతి వెనక అప్పటికే పాతికేళ్ల ఆలోచన ఉంది. ఇంగ్లిష్ ప్రెస్సుల్లో రాతప్రతిని కంపోజింగ్‌కు పంపే ముందు సంపాదకులు దాని మీద గుర్తులు పెట్టేవారు. మాట కింద తిన్నటి గీత ఉంటే వాలు అక్షరాలు, అలల గీత ఉంటే బొద్దు అక్షరాలు. అచ్చుపని కంప్యూటర్లకు ఎక్కాక ఆ గుర్తులు సంకేతాలయ్యాయి, ఒక యంత్రం సంకేతాలు మరో యంత్రానికి అర్థం కాకుండా పోయాయి. 1967 సెప్టెంబరులో కెనడా ప్రభుత్వ ముద్రణాలయంలో జరిగిన సమావేశంలో విలియం టనిక్లిఫ్ ఒక సూచన చేశాడు. పత్రంలోని విషయాన్ని, దాని అచ్చురూపాన్ని విడదీద్దాం అన్నాడు.

రెండేళ్లకు ఐబీఎమ్‌లో అది కార్యరూపం దాల్చింది. చార్లెస్ గోల్డ్‌ఫార్బ్ లా చదువుకున్నవాడు. ఆయనకు అప్పగించిన పని కూడా న్యాయవాద కార్యాలయాల కాగితాలదే. పత్రాన్ని దిద్దేది ఒక ప్రోగ్రాం, దాచి వెతికిపెట్టేది ఒకటి, అచ్చుకు కూర్చేది మరొకటి. ఒకదాని భాష మరొకదానికి రాదు. ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీలతో కలిసి ఆయన తయారుచేసిన జీఎమ్ఎల్ ఈ మూడింటికీ ఒక ఉమ్మడి భాష ఇచ్చింది. శీర్షిక ముందు 'హెచ్1', పేరా ముందు 'పి', జాబితాలో అంశం ముందు 'ఎల్ఐ'. అప్పుడు గుర్తుకు ముందు కోలన్, చివర చుక్క ఉండేవి, కోణపు బ్రాకెట్లు తర్వాత వచ్చాయి. కానీ ఈరోజు వెబ్ పేజీ రాయడం మొదలుపెట్టే విద్యార్థి మొదటి గంటలో నేర్చుకునే పేర్లు అవే. 1986లో ఈ వంశానికి ఎస్‌జీఎమ్ఎల్ పేరుతో అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. దాని తరహా గుర్తులు సెర్న్ పత్రాల్లో వాడుకలో ఉండేవి. బెర్నర్స్-లీ చాలావరకు వాటినే తీసుకున్నాడు. లింకు మాత్రం ఆయన సొంతం.

ఆ గుర్తుల్ని జనం చేత్తో రాస్తారని ఆయన అనుకోలేదు. ఆయన మొదటి బ్రౌజరే ఎడిటర్ కూడా. మాటను ఎంచుకుని మెనూలో 'శీర్షిక' అని నొక్కితే సరిపోయేది. ఆ సౌకర్యం నెక్స్ట్ యంత్రం దాటి బయటికి రాలేదు. 1993లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మార్క్ ఆండ్రీసన్, ఎరిక్ బీనా విడుదల చేసిన మొజాయిక్ బ్రౌజరు చదవడానికే. రాయాలంటే మామూలు టెక్స్ట్ ఎడిటర్ తెరిచి గుర్తులు టైపు చేయాల్సిందే. దాంతో అనుకోని మేలు ఒకటి జరిగింది. బ్రౌజర్‌లో 'వ్యూ సోర్స్' నొక్కితే ఎవరి పేజీ ఎలా రాశారో మొత్తం బయటపడుతుంది. నచ్చిన పేజీని కాపీ చేసి, మాటలు మార్చి, ఒక గుర్తు తీసేసి ఏమవుతుందో చూసి, మళ్లీ పెట్టి, అలా లక్షలమంది నేర్చుకున్నారు. 1995లో లారా లెమే రాసిన 'వారంలో వెబ్ పబ్లిషింగ్' తరహా పుస్తకం చేతిలో ఉన్నవాళ్లకు కూడా అసలు బడి ఆ మెనూయే. ఇంత బాహాటంగా తన లోపలి పనితనాన్ని చూపించి నేర్పిన సాంకేతికత మరొకటి అరుదు.

నేర్చుకున్నవాళ్లు శీర్షికతో, పేరాతో తృప్తి పడలేదు. బొమ్మ పెట్టే గుర్తును ఆండ్రీసన్ 1993 ఫిబ్రవరిలోనే ప్రతిపాదించాడు. 1994 చివర్లో వచ్చిన నెట్‌స్కేప్ మధ్యకు జరిపే గుర్తు, అక్షరం సైజు మార్చే ఫాంట్ ట్యాగు, మిణుకుమిణుకుమనే 'బ్లింక్' తెచ్చింది. బ్లింక్ కథ చిత్రమైనది. అంతకుముందు కాన్సస్ విశ్వవిద్యాలయంలో లింక్స్ అనే అక్షరాలు మాత్రమే చూపే బ్రౌజర్‌ను కట్టినవారిలో లూ మోంటుల్లీ ఒకడు. కొత్త హంగుల్లో లింక్స్‌లో పనిచేయగలిగేది మిణుకుమనడం ఒక్కటే అని స్నేహితుల మధ్య ఆయన అన్న మాటను నెట్‌స్కేప్‌లోని ఒక సహోద్యోగి రాత్రికి రాత్రి ప్రోగ్రాంలో పెట్టేశాడు. పోటీగా మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ జరిగిపోయే 'మార్కీ'ని, ఫాంట్ పేరు చెప్పే వీలును ఇచ్చింది.

ఇక్కడే దారి తప్పింది. శీర్షిక అని చెప్పాల్సిన చోట 'సైజు 6, ఎరుపు, బొద్దు' అని రాయడం అలవాటైంది. కంటికి రెండూ ఒకటే. చూపు లేనివారికి పేజీ చదివి వినిపించే ప్రోగ్రాంకు మాత్రం ఒకటి కాదు. శీర్షిక గుర్తు ఉంటే అది ఒక శీర్షిక నుంచి మరో శీర్షికకు దూకగలదు. ఎర్రటి పెద్ద అక్షరాలు దానికి వట్టి వాక్యమే. పేజీని అందంగా అమర్చడానికి కనిపించని పట్టికల్ని, ఒక్క పిక్సెల్ పారదర్శక బొమ్మల్ని వాడమని 1996లో పుస్తకం రాసిన డేవిడ్ సీగల్, మరుసటి ఏడాదే తాను వెబ్‌ను పాడుచేశానని ఒక వ్యాసంలో ఒప్పుకున్నాడు.

మందు అప్పటికే తయారవుతోంది. సెర్న్‌లోనే పనిచేసిన హోకోన్ వియుమ్ లీ 1994 అక్టోబరు 10న స్టైల్ షీట్ల ప్రతిపాదన బయటపెట్టాడు. బెర్ట్ బోస్ ఆయనతో చేరాడు. 1996 డిసెంబరులో ఆ పద్ధతికి సీఎస్ఎస్ పేరుతో మొదటి ప్రమాణం వచ్చింది. ఏది ఏమిటో హెచ్‌టీఎమ్ఎల్ చెబుతుంది, ఎలా కనపడాలో సీఎస్ఎస్ చెబుతుంది. 1997 జనవరిలో ఫాంట్ ట్యాగును ప్రమాణంలోకి తీసుకున్న వెబ్ కన్సార్టియమే, అదే ఏడాది డిసెంబరులో వచ్చిన హెచ్‌టీఎమ్ఎల్ 4.0లో దాన్ని వాడవద్దని చెప్పింది.

తెలుగువాళ్లకు మాత్రం ఆ ఫాంట్ ట్యాగును వదలడం అంత తేలిక కాలేదు. అన్ని భాషల లిపులకూ సంకేతాలిచ్చే యూనికోడ్ ప్రమాణం 1991లోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించినా, ఇళ్లలోని కంప్యూటర్లకు ఆ లిపి చూపడం చాలాకాలం రాలేదు. కాబట్టి వెబ్‌లో తెలుగు దొడ్డిదారిన వచ్చింది. ఇంగ్లిష్ అక్షరాల, యూరప్ అక్షరాల సంకేతస్థానాల్లో తలకట్టును ఒకచోట, కొమ్మును ఒకచోట, వత్తును ఇంకోచోట కూర్చోబెట్టి ఫాంటు తయారుచేసేవారు. పేజీలో ఫాంట్ ట్యాగు పెట్టి దాని పేరు రాసేవారు. ఆ ఫాంటు ఉంటే చక్కటి తెలుగు, లేకపోతే అర్థంలేని రోమన్ అక్షరాల కుప్ప. అప్పట్లో ఈనాడు దినపత్రిక సైటుది సొంత ఫాంటు, మిగతా పత్రికలవి వేరు. ఒకరి సంకేతాలు మరొకరికి పనికిరావు. 'గోదావరి' అని వెతికితే వేల పేజీల్లో ఉన్న గోదావరి ఒక్కటీ దొరికేది కాదు. ఎందుకంటే ఆ పేజీల్లో నిజంగా తెలుగు లేదు, తెలుగులా కనిపించేది ఉంది. ఎన్నో ఏళ్ల వార్తలు, కథలు, వ్యాసాలు అలా ఒక ట్యాగు మీద ఆధారపడి బతికాయి. రూపాన్నే నమ్ముకుంటే ఎంత నష్టమో ఇంతకంటే పెద్ద ఉదాహరణ మనకు అక్కర్లేదు.

2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరికాయి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. పాత సైట్ల పేజీల్ని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి వెన్న నాగార్జున 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత రాశాడు. ఒక్కో ఫాంటులో ఏ స్థానంలో ఏ ముక్క ఉందో పట్టికలు కట్టి, తలకట్లనీ వత్తులనీ తిరిగి అక్షరాలుగా కూర్చే ప్రోగ్రాం అది. ఆ శ్రమకు తగినంత గుర్తింపు రాలేదు.

యూనికోడ్ వచ్చాక కూడా తెలుగు పేజీలో హంగుల సమస్య ఒకటి మిగిలింది. ఇంగ్లిష్‌లో నొక్కి చెప్పే మాటను వాలు అక్షరాల్లో పెడతారు. తెలుగు లిపికి అలాంటి ప్రత్యేక వాలు రూపం లేదు. బ్రౌజరు నిటారు అక్షరాన్నే బలవంతంగా ఒక పక్కకు వంచుతుంది. గుండ్రటి అక్షరం వికారమవుతుంది. పాత బ్రౌజర్లలో కింద గీత పెడితే అది వత్తుల్ని కోసేసేది. ఇంగ్లిష్‌కు చాలే వరుసల ఎడం తెలుగుకు చాలదు, పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది.

నొక్కి చెప్పడానికి 'ఎమ్' ట్యాగు, పేజీ భాష తెలుగు అని చెప్పే 'లాంగ్' గుర్తు వాడిన సైటుకు దీనికి మందు స్టైల్ షీట్‌లో ఒక్క వరుస. తెలుగులో ఎమ్ వస్తే వంచకు, బొద్దుగా చూపు అని రాస్తే పేజీలన్నీ ఒక్కసారిగా మారతాయి. ప్రతిచోటా వాలు అక్షరాల 'ఐ' ట్యాగే కొట్టుకుంటూ పోయిన సైటులో ఆ వీలు లేదు. అక్కడ వాలినది పుస్తకం పేరో, పరభాషా పదమో, రచయిత నొక్కి చెప్పిన మాటో యంత్రానికి తెలియదు. ఒక్కొక్క పేజీ తెరిచి మనిషి చదివి తేల్చాల్సిందే.