ముద్దుపళని పుస్తకం, త్యాగయ్య సమాధి

తిరువయ్యారులో పుష్య బహుళ పంచమినాడు పంచరత్న కీర్తనలు వినడానికి వెళ్ళిన మన తెలుగువాళ్ళకు మొదట కలిగేది గర్వం. కావేరి ఒడ్డున వందలమంది గొంతు కలిపి తెలుగు పాడుతుంటారు. వాళ్ళలో చాలామందికి తెలుగు రాదు. పుస్తకంలో తమిళ లిపిలో అచ్చువేసుకున్న తెలుగు అది. ఆ గర్వంలో ఉండగా ఎదురుగా ఉన్న ఇంకో చిన్న సమాధి సంగతి చాలామంది గమనించరు. త్యాగరాజస్వామి సన్నిధికి ముఖం పెట్టి, చేతులు జోడించి కూర్చున్న ఒక ఆడమనిషి విగ్రహం అక్కడ ఉంది. ఆవిడ బెంగళూరు నాగరత్నమ్మ. ఆవిడ లేకపోతే మనం నిలబడి కీర్తనలు విన్న ఆ గుడి అక్కడ ఉండేది కాదు.

మన రాష్ట్రేతరాంధ్రుల పత్రికలో ఆవిడ గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆవిడ పుట్టింది మైసూరు సీమలోని నంజనగూడులో, 1878 నవంబరులో. చదువుకున్నది మైసూరులో, బెంగళూరులో. పేరు తెచ్చుకున్నది మద్రాసులో. కన్నుమూసింది తిరువయ్యారులో. ఇప్పటి ఆంధ్రదేశంలో ఆవిడ కాపురం ఉన్నది ఎప్పుడూ లేదు. అయినా తెలుగు పుస్తకం ఒకదానికోసం ఆవిడ పడిన పాటు, సర్కారుతోనూ పండితులతోనూ పడిన తగవు చూస్తే, భాష అనేది ఊరిని బట్టి వచ్చేది కాదనిపిస్తుంది. ఈ మాట మనవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు.

తల్లి పుట్టలక్ష్మి దేవదాసీ కులస్థురాలు. తండ్రి సుబ్బారావు అనే వకీలు. ఆయన తల్లినీ బిడ్డనూ వదిలేశాడు. తల్లి పంతం పట్టి కూతురికి సంస్కృతం చెప్పించింది, సంగీతం నేర్పించింది. కన్నడం, తెలుగు, తమిళం, సంస్కృతం ఆవిడకు ధారాళంగా వచ్చాయి. పద్నాలుగో ఏట తల్లి పోయింది. బెంగళూరులో సంగీతం చెప్పిన మునిస్వామప్పగారు వాలాజాపేట కృష్ణస్వామి భాగవతార్ శిష్యుడు. కృష్ణస్వామి భాగవతార్ తండ్రి వెంకటరమణ భాగవతార్ సాక్షాత్తూ త్యాగరాజస్వామి దగ్గర నేర్చుకున్నవాడు. అంటే స్వామినుంచి లెక్కవేస్తే నాగరత్నమ్మ నాలుగో తరం శిష్యురాలు. ఇల్లు, తండ్రి, బంధువర్గం లేని పిల్లకు ఈ వరసే బంధుత్వం అయివుంటుందని నా ఊహ. తరవాత ఆవిడ చేసిన పనులన్నీ ఆ బంధుత్వం నిలుపుకొనే ప్రయత్నాల్లాగే కనబడతాయి.

మద్రాసు చేరేసరికి ఆవిడ గాయనిగా స్థిరపడింది. కచ్చేరీలు, నగలు, సొంత ఇల్లు, ఇంటినిండా పుస్తకాలు. అలా చదువుతుండగా తంజావూరి సాహిత్యాన్ని గురించిన ఒక రచనలో ముద్దుపళని అనే కవయిత్రి పేరూ, ఆమె రాసిన ‘రాధికా సాంత్వనము’ పేరూ తగిలాయి.

ముద్దుపళని సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. తంజావూరిని నాయకరాజులు ఏలినప్పుడు రంగాజమ్మ, రామభద్రాంబ వంటి విదుషీమణులు ఆస్థానంలో వెలిగారు. నాయకరాజులు పోయి మరాఠీ రాజులు వచ్చినా తెలుగుకు లోటు రాలేదు. ఊళ్ళో తమిళం, రాజుగారి ఇంట మరాఠీ, కొలువులో పాటా పద్యమూ తెలుగు! అలాంటి కొలువు ప్రతాపసింహ మహారాజుది (1739–63). ముద్దుపళని ఆ కొలువులోని వేశ్య. ఆమె తంజనాయకి మనవరాలు. ఆండాళ్ ‘తిరుప్పావై’ని కూడా ఆమె తెలుగు చేసింది. తమిళంలోనుంచి తెలుగులోకి రాకపోకలు చేసే మనబోటివాళ్ళకు ఆమె పూర్వీకురాలు అన్నమాట.

‘రాధికా సాంత్వనము’ 584 పద్యాల శృంగార ప్రబంధం. కథ చిన్నది. రాధ తాను పెంచిన ఇళ అనే పిల్లను కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది. ఇద్దరికీ తనే బుద్ధులు చెప్పి గదిలోకి పంపుతుంది. పంపిన తరవాత మొదలవుతుంది బాధ. వయసు జారుతున్న ఆడది, చేతులారా ఇచ్చేసుకున్నదాన్ని గురించి పడే దుఃఖం అది. అసూయ, కోపం, సిగ్గులేని కోరిక, అన్నీ ఆమె నోట విప్పి చెప్పించింది కవయిత్రి. చివరికి కృష్ణుడే వచ్చి రాధను ఊరడించాలి. కావ్యం పేరే ఊరడింపు. మన ప్రబంధాల్లో నాయికల విరహాలకు కొదవలేదు గాని, అవన్నీ చందమామనూ మన్మథుణ్ణీ తిట్టే విరహాలు. మనసు నిజంగా కాలుతున్నట్టు అనిపించే విరహాలు తక్కువ. ఇది ఆ తక్కువలో ఒకటి. అవతారికలో ముద్దుపళని తన వంశాన్నీ, చదువునూ, తనకు దక్కిన సన్మానాలనూ ఏ మాత్రం బిడియం లేకుండా చెప్పుకుంది. అవ్వను కూడా పేరుపెట్టి కీర్తించింది. మగకవులు తాతముత్తాతలను కీర్తించుకున్నట్టే అన్నమాట.

ఈ పుస్తకం దొరకడమే నాగరత్నమ్మకు కష్టమైంది. సి. పి. బ్రౌను దగ్గర పనిచేసిన పైడిపాటి వెంకటనరసుగారి పరిష్కరణ 1887లో అచ్చయి, 1907లో మళ్ళీ వచ్చింది. అది చేతికి వచ్చాక చూస్తే అవతారిక లేదు, కొన్ని పద్యాలు లేవు. అంటే ముద్దుపళని తాను ఎవరో చెప్పుకున్న భాగమే ఎగిరిపోయింది. ఆ తరవాత ఒక స్నేహితుల ద్వారా తాళపత్ర ప్రతి వచ్చింది. రెండూ దగ్గర పెట్టుకుని సరిచూసి ఆవిడ తన పరిష్కరణ సిద్ధంచేసింది. వావిళ్ళ రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్ వారు 1910లో అచ్చువేశారు. అప్పటికి ఆవిడకు ముప్ఫై రెండేళ్ళు.

పీఠికలో ఆవిడ తన కారణం దాచుకోలేదు. ఎన్నిసార్లు చదివినా తనివి తీరని పుస్తకమనీ, రాసింది స్త్రీ, అందులోనూ తమ కులంలో పుట్టిన స్త్రీ కాబట్టి దీన్ని సరైన రూపంలో వెలుగులోకి తేవడం తన విధిగా భావించాననీ చెప్పింది. నూట యాభై ఏళ్ళ కిందటి ఒక మనిషిని అక్కగా ఎంచుకోవడం అంటే ఇదే. తన కులం పేరెత్తితే మద్రాసు పెద్దమనుషులు ముఖం తిప్పుకునే రోజులవి. వేశ్యల ఆటపాటలకు వెళ్ళకూడదని ఉద్యమం నడుస్తున్నది. అలాంటప్పుడు ‘మాలోనూ మహాకవి ఉంది’ అని చూపించుకోవాలన్న ఆశ ఆ పీఠికలో ప్రతి వాక్యంలోనూ ఉంది.

కందుకూరి వీరేశలింగంగారు అంతకుముందే కవుల చరిత్రలో ముద్దుపళనిని తీవ్రంగా నిందించారు. ఆడదై ఉండి సిగ్గుమాలి రాసిందని ఆయన అభియోగం. నాగరత్నమ్మ పీఠికలో దానికి జవాబిచ్చింది. సిగ్గు ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకు అక్కరలేదా అని అడిగింది. వేశ్య నాయికగా ఉన్న ‘వైజయంతీ విలాసము’ను విశ్వవిద్యాలయ పాఠ్యగ్రంథంగా ఒప్పుకొన్నవారికి ఈ పుస్తకం ఎలా పనికిరాకపోయిందని నిలదీసింది. న్యాయంగా చెప్పాలంటే వీరేశలింగంగారిని ఇక్కడ దుర్మార్గుడిగా నిలబెట్టడం తేలిక, కాని సరికాదు. 1881లో రాజమహేంద్రవరంలో వితంతు వివాహం చేయించి బహిష్కారాలు భరించిన మనిషి ఆయన. ఆడవాళ్ళ మేలుకోరే ఆయన దృష్టిలోకి నాగరత్నమ్మవంటి ఆడమనిషి రాలేదు, అంతే. తన చదువుతో, తన సంపాదనతో నిలబడ్డ మనిషికి సంస్కర్త దగ్గర చోటు లేకపోయింది. ఆ వాదంలో గెలుపు మాత్రం ఆవిడదే అని నా అభిప్రాయం. ఆ ప్రశ్నకు ఇప్పటికీ సూటి జవాబు లేదు.

వాదం వాదంగా ఉండిపోలేదు. 1911లో ఫిర్యాదులు వెళ్ళాయి. ప్రభుత్వ అనువాదకులు గోటేటి కనకరాజు పంతులుగారు కొన్ని పద్యాలు అభ్యంతరకరం అని తేల్చారు. పోలీసు కమిషనరు మనుషులు వచ్చి ప్రతులు పట్టుకుపోయారు. వావిళ్ళ వెంకటేశ్వరశాస్త్రులుగారు లొంగలేదు. పండితులు ప్రభుత్వానికి మహజర్లు పెట్టుకొన్నారు. ఇలా అయితే మన ప్రబంధాలు ఎన్ని మిగులుతాయి అని వాళ్ళ గోడు. ఫలితం లేకపోయింది. ఒక్క ఏడాదిలో ముద్దుపళని మళ్ళీ మాయమైపోయింది.

ఇక్కడినుంచి నాగరత్నమ్మ జీవితం వేరే దారి పట్టిందని అంటుంటారు. నాకు అదే దారి అనిపిస్తుంది.

త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందారు. ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాల్లో ఉమయాళ్పురం సోదరులు, స్వామి శిష్యులు కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్, సమాధిని బాగుచేయించారు. ఆ తరవాత ఏటా ఆరాధన మొదలైంది. మొదలైనవెంటనే భాగవతారులు రెండు కట్సీలయ్యారు. తమిళనాట ఉన్నవాళ్ళకు ‘కట్సీ’ అంటే చెప్పనక్కరలేదు. పెద్ద కట్సీ, చిన్న కట్సీ ఆరాధన పోటీలు పడి చేశాయిగాని, సమాధి ఉన్న చోటు ఏడాది పొడుగునా ఎవరికీ పట్టలేదు. ఆ సంగతి మైసూరు విద్వాంసుడు బిడారం కృష్ణప్పగారు చెప్పగా నాగరత్నమ్మకు తెలిసింది. ఆవిడ తిరువయ్యారు వెళ్ళింది. ఆ స్థలం సంపాదించింది. 1921లో గుడికి శంకుస్థాపన చేయించింది. నగలు అమ్మింది, మద్రాసులో ఆస్తి అమ్మింది. 1926 జనవరిలో కుంభాభిషేకం జరిగింది. త్యాగరాజస్వామి మీద సంస్కృతంలో అష్టోత్తర శతనామావళి కూడా కూర్చింది.

గుడి కట్టించిన మనిషికి ఆ గుడిలో పాడే హక్కు లేదు. ఆరాధనలో ఆడవాళ్ళు పాడకూడదని రెండు కట్సీలవారూ ఒక్క విషయంలో మాత్రం కలిసికట్టుగా ఉన్నారు. కట్టించేటప్పుడు డబ్బు ఎవరిదని అడగలేదు, పాడేటప్పుడు గొంతు ఎవరిదని అడిగారు! ఆవిడ వాళ్ళను బతిమాలుకుంటూ కూర్చోలేదు. 1927 నుంచి ఆడవాళ్ళను పోగుచేసి సన్నిధి వెనకభాగంలో వేరే ఆరాధన నడిపింది. దాన్ని జనం పెణ్గళ్ కట్సీ అన్నారు, ఆడవాళ్ళ పక్షం. ఆనాటి దేవదాసీ గాయనులు వచ్చి అక్కడ పాడారు. పదమూడేళ్ళు ఇలా మూడు ఆరాధనలు. 1940 ప్రాంతంలో ఐ.సి.ఎస్. అధికారి ఎస్. వై. కృష్ణస్వామిగారూ విద్వాంసులూ పూనుకొని అందరినీ కలిపారు. అప్పటినుంచి మగవాళ్ళూ ఆడవాళ్ళూ కలిసి పాడుతున్నారు. ఇవాళ మనం టీవీలో చూసే ఆ దృశ్యం అనాదిగా వస్తున్నదని అనుకునేవాళ్ళు ఉన్నారు. దాని వయసు ఎనభై ఏళ్ళు దాటి కొద్దిగా.

మధ్యలో ఇంకో పోరాటం. ముత్తులక్ష్మీరెడ్డిగారు దేవదాసీ విధానం రద్దుకు మద్రాసు శాసనసభలో బిల్లు తెచ్చినప్పుడు, మద్రాసు దేవదాసీల సంఘం తరఫున నాగరత్నమ్మ వ్యతిరేకించింది. మా విద్యనూ, మా ఆస్తి హక్కునూ కూడా తుడిచిపెట్టకండి అని వాళ్ళ వినతి. ఆ వ్యవస్థలో పసిపిల్లలకు జరిగిన అన్యాయం చిన్నదేమీ కాదు, ముత్తులక్ష్మీరెడ్డిగారి కోపం న్యాయమైనదే. కాని ఆ గొడవలో నాట్యమూ పదాలూ జావళీలూ వాటిని కాపాడిన ఇళ్ళనుంచి చేయి మారి పెద్ద కులాల ఇళ్ళకు చేరాయన్నది కూడా నిజమే. చట్టం 1947లో వచ్చింది.

దానికి కొంచెం ముందు, టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1946–47లో మద్రాసు ప్రధానమంత్రిగా ఉన్నప్పుడు, నిషేధంలో ఉన్న తెలుగు ప్రబంధాలకు విముక్తి కలిగింది. ‘రాధికా సాంత్వనము’ కూడా వాటిలో ఉంది. ఒక చేత్తో పుస్తకం తిరిగివచ్చింది, ఇంకో చేత్తో ఆ పుస్తకం రాసిన కులం పేరు చట్టంలో చెరిగిపోయింది. నాగరత్నమ్మకు అప్పటికి డెబ్భై దగ్గర పడుతున్నది. ముప్ఫై రెండేళ్ళ వయసులో తెచ్చిన పుస్తకం!

ఆవిడ తిరువయ్యారులోనే ఉండిపోయింది. 1949లో వీలునామా రాసి, ఉన్నదంతా త్యాగరాజస్వామి సన్నిధికి ఇచ్చింది. ఒక షరతు పెట్టింది, అక్కడ ఆడవాళ్ళకు పాడే హక్కు ఎప్పటికీ ఉండాలని. బంధువులకు పొలాలూ నగలూ పంచినట్టు ఆవిడ ఆ హక్కును తరవాతివాళ్ళకు పంచిపెట్టింది. తెలియని ఆడవాళ్ళకు, ఇంకా పుట్టని ఆడవాళ్ళకు.

1952లో వావిళ్ళవారు ‘రాధికా సాంత్వనము’ మళ్ళీ అచ్చువేశారు. ఆ సంవత్సరమే మే 19న నాగరత్నమ్మ పోయింది. స్వామి ఎదుటనే సమాధి చేశారు. 1991లో సుసీ తారు, కె. లలిత సంకలనం చేసిన ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ మొదటి సంపుటంతో ముద్దుపళని కథా, నాగరత్నమ్మ తగవూ తెలుగురానివాళ్ళకు కూడా తెలిశాయి.

ఈసారి తిరువయ్యారు వెళ్ళేవాళ్ళు ఒక పని చేయండి. ఆరాధన రోజు తొక్కిసలాటలో ఏమీ కనబడదు. మామూలు రోజు వెళ్ళండి. తంజావూరినుంచి బస్సులో అరగంట, పదమూడు కిలోమీటర్లు. స్వామివారి దర్శనం చేసుకుని వెనక్కి తిరిగితే ఆవిడ కనబడుతుంది. దగ్గరికి వెళ్ళి కాసేపు తెలుగులో మాట్లాడుకోండి.