"రాజా హరిశ్చంద్ర" విడుదల తేదీ: ప్రమాణ విచారము

భారతీయ చలనచిత్ర చరిత్రమును వ్రాయువారికి మొదటనే యెదురగు చిక్కు తేదీలది. దాదాసాహెబ్ ఫాల్కే నిర్మించిన "రాజా హరిశ్చంద్ర" మూకచిత్రము 1913 ఏప్రిల్ 21వ తేదీన వెలువడెనని కొందఱును, మే 3వ తేదీన వెలువడెనని కొందఱును వ్రాసియున్నారు. పండ్రెండు దినముల భేదమే కదా యని దీనిని ఉపేక్షింపరాదు. ఒక కళకు పుట్టినదినమును నిర్ణయించునప్పుడు అనుసరింపవలసిన పద్ధతి యేదో ఈ చిన్న వివాదమువలన స్పష్టమగుచున్నది.

చిత్రమును చూచి తేదీని తెలిసికొనుటకు వీలులేదు. నాలుగు రీళ్ల చిత్రములో నేడు మిగిలినది కొంతభాగమే. అదియు 1917లో ఫాల్కే మరల తీసిన చిత్రములోనిదని కొందఱు చరిత్రకారుల మతము. కావున బాహ్యప్రమాణములే శరణ్యములు. 1913 నాటికి మన దేశమున సెన్సారు శాసనము లేదు. అది 1918లో వచ్చినది, బోర్డులు 1920లో ఏర్పడినవి. అందుచే ఈ చిత్రమునకు ధ్రువపత్రమును వెదకుట వ్యర్థము. నాటి పత్రికల ప్రకటనలును వార్తలును ముఖ్యసాక్షులు.

ఆ సాక్షులు చెప్పునదేమి? ఏప్రిల్ 21, సోమవారమున, బొంబాయిలోని ఒలింపియా థియేటరులో పురప్రముఖులకును పత్రికాసంపాదకులకును చిత్రము చూపబడినది. వారు ఆహ్వానితులు. మే 3, శనివారమున, గిర్గాంలోని కారొనేషన్ సినిమాటోగ్రాఫ్‌లో జనసామాన్యమునకు ప్రదర్శనము మొదలైనది. అచ్చట టిక్కెట్టు కొనినవాడెవడైనను చూడవచ్చును. ఇట్లు విచారించినచో రెండు సాక్ష్యములును సత్యములే. భేదము సంఘటనలలో గలదు గాని సాక్ష్యములలో లేదు. "విడుదల" యనగా బహిరంగ ప్రదర్శనారంభమని అర్థమును నియమించినచో మే 3 యే సిద్ధాంతమగును. 2013లో శతవార్షికోత్సవమునకు గ్రహించినదియు ఈ తేదీనే.

అయితే అన్ని వైరుధ్యములును ఇట్లు సమన్వయమునకు లొంగవు. తెలుగువారి తొలి టాకీ "భక్త ప్రహ్లాద" ఇందుకు నిదర్శనము. అది 1931 సెప్టెంబరు 15న విడుదలయ్యెనని చిరకాలము వ్రాయుచు వచ్చిరి. కాని ఆ చిత్రమునకు బొంబాయిలో సెన్సారు అనుమతి లభించినది 1932 జనవరి 22న. అచ్చటి కృష్ణా సినిమాలో ప్రదర్శనము మొదలైనది ఫిబ్రవరి 6న. ఈ విషయమును శ్రీ రెంటాల జయదేవ పరిశోధించి వెలువరించిరి. అనుమతికి పూర్వము బహిరంగ ప్రదర్శనము నాటి శాసనమునకు విరుద్ధము. ఇచ్చట రెండు తేదీలును నిలువవు, ఒకదానిని త్యజింపవలసినదే.

దీనివలన మనకు నష్టము లేకపోలేదు. 1931 అక్టోబరు 31న మద్రాసులో విడుదలైన "కాళిదాసు" కంటె మన చిత్రము ముందుదని చెప్పుకొను గర్వమును విడువవలసివచ్చును. ఐనను అభిమానమునకు నచ్చిన తేదీకంటె పత్రములు చూపు తేదీయే చరిత్రకు గ్రాహ్యమని మా నిశ్చయము.

పరిశోధకులు ఏ తేదీ కనబడినను, అది యే సంఘటనకు చెందినది, దానిని మొదట వ్రాసినవారెవరు, ఎప్పుడు వ్రాసిరి అని ప్రశ్నింపవలెను. పది గ్రంథములు ఒకే తేదీని చెప్పినను, అవి ఒకదానినుండి యొకటి గ్రహించినవైనచో సాక్షి యొక్కడే.