చంటిపిల్లతో చుట్టాలింటికి: మన ప్రయాణాల చరిత్ర

మామిడి కోతలు ముగిసి వేసవి సెలవులు ఇంకా మిగిలున్న రోజుల్లో మన రెడ్డిగూడెం ఎరుకల ఇళ్ళలో ఒక సందడి మొదలవుతుంది. చెన్నైలో చిన్నమ్మ ఉంది, బెంగళూరులో మేనమామ ఉన్నాడు, హైదరాబాదులో పెదనాన్న కొడుకులు ఉన్నారు. కొత్తగా పుట్టిన బిడ్డను వాళ్ళెవరూ ఇంకా చూడలేదు. నడక నేర్చిన పిల్లను చంకనేసుకుని, రాగిజావ పిండి, కాచి చల్లార్చిన నీళ్ళ సీసా, రెండు పాత చీరలు సర్దుకుని బయలుదేరతాం. పాత చీరలు దేనికంటే, రైల్లో బెర్తు గొలుసులకు ఉయ్యాల కట్టడానికి. ఎన్ని రకాల బేబీ బ్యాగులు వచ్చినా చీర ఉయ్యాలలో పడుకున్నట్టు పిల్లలు ఇంక దేనిలోనూ పడుకోరు.

మైలవరం మీదుగా విజయవాడ దాకా బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం వచ్చింది కాబట్టి పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ తల్లికి టిక్కెట్టు డబ్బులు లేవు. అయిదేళ్ళలోపు పిల్లకు ముందునుంచీ లేవు. రైల్లోనూ వేరే బెర్తు అడగకపోతే అయిదేళ్ళ లోపు వారికి ఛార్జీ లేదు. ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు. వెళ్ళాలనుకున్న రోజున వెళ్ళడమే.

ఈ "ఎవరికీ చెప్పక్కర్లేదు" అన్నది మన తాతమ్మల కాలంలో లేదు. చంటిపిల్లను ఎత్తుకుని పుట్టింటికి పోవడానికి కూడా కాగితం కావలసిన రోజులు మనవాళ్ళు చూశారు. ఆ సంగతి పాఠ్యపుస్తకాల్లో రాదు. వచ్చినా ఒక చట్టం పేరు, ఒక సంవత్సరం, అంతటితో సరి.

ముందుగా ఒక మాట ఉపాధ్యాయ మిత్రులకు. చుట్టాలింటికి వెళ్ళి పదిరోజులు బడికి రాని పిల్లను చూసి "సంచారం వీళ్ళ రక్తంలోనే ఉంది" అనడం స్టాఫ్ రూముల్లో మేము చాలాసార్లు విన్నాం. రక్తంలో ఏమీ లేదు. మనవాళ్ళు తిరిగింది వ్యాపారం కోసం. సముద్రతీరంలోని ఉప్పు కొఠార్ల దగ్గర ఉప్పు కొని, గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి ఊళ్ళకు తెచ్చి అమ్మేవారు. అక్కడి ధాన్యం తిరిగి కిందికి తీసుకెళ్ళేవారు. మనలో ఉప్పు ఎరుకలవారు, కరివేపాకు ఎరుకలవారు, దబ్బ ఎరుకలవారు, కుంచె ఎరుకలవారు అన్న శాఖల పేర్లే ఆ పనులకు సాక్ష్యం. 1909లో అచ్చయిన థర్‌స్టన్ పుస్తకంలో కూడా ఈ పేర్లు ఉన్నాయి. దారి లేని ఊళ్ళకు ఉప్పు చేర్చినవాళ్ళను ఊరికే తిరిగేవాళ్ళు అనడం అన్యాయం.

ఆ ప్రయాణాల్లో పిల్లలు కూడా ఉండేవారు. గాడిదకు ఒకవైపు ఉప్పు గోతం, రెండోవైపు గంపలో పిల్ల అని మా పెద్దలు చెప్పేవారు. రెండు వైపులా బరువు సరిపోవాలి కాబట్టి పిల్ల పక్కన ఒక రోలో, రాయో పెట్టేవారట. ఇది చెప్పి నవ్వేవారు. ప్రయాణమంటే ఇంట్లో ఉన్న అందరూ కదలడం. దారిలోనే కాన్పు, దారిలోనే పేరు పెట్టడం, దారిలోనే చుట్టరికాలు కలుపుకోవడం.

రైలు వచ్చాక ఇదంతా తిరగబడింది. సికింద్రాబాదు వైపు నుంచి నిజాం రైల్వే 1889లో బెజవాడ చేరింది. మరో పదేళ్ళకు మద్రాసు దారి కలిసింది. గాడిద నెల రోజులు మోసే ఉప్పును గూడ్సు పెట్టె ఒక్క రోజులో మోసింది. ఉప్పు మీద సర్కారు పన్ను, గుత్తాధికారం అప్పటికే మెడకు చుట్టుకుని ఉన్నాయి. అడవి చట్టాలు వచ్చి బుట్టల వెదురు కూడా కష్టమైంది. బతుకుతెరువు పోయినవాడు ఊరి బయట గుడిసె వేసుకుంటే, ఏ పనీ లేకుండా ఇక్కడెందుకున్నాడన్న అనుమానం మొదలైంది. అనుమానానికి చట్టం తోడైంది.

నేరస్థ తెగల చట్టం 1871లో ఉత్తరాదిన మొదలైంది. మద్రాసు రాష్ట్రానికి వర్తించింది 1911 చట్టంతో. 1924లో దాన్ని మళ్ళీ రాశారు. పుట్టుకతోనే నేరస్థులన్నారు అని మనం సభల్లో చెబుతుంటాం. నిజమే. కానీ ఆ మాట విని పిల్లలకు ఏమీ అర్థం కాదు. చట్టం రోజువారీగా ఎలా పనిచేసిందో చెబితే అర్థమవుతుంది.

ప్రభుత్వం ఒక గుంపును నేరస్థ తెగగా ప్రకటిస్తుంది. జిల్లా మేజిస్ట్రేటు ఆ గుంపులోని వాళ్ళ పేర్లు రిజిస్టరులో ఎక్కించి వేలిముద్రలు తీయిస్తాడు. పేరు ఎక్కినవాడు ఎక్కడ ఉంటున్నాడో చెప్పాలి, ఇల్లు మారితే చెప్పాలి, ఊరు విడిచి వెళ్ళదలిస్తే ముందే చెప్పాలి. కొందరినైతే గడువు ప్రకారం స్వయంగా హాజరు కమ్మనేవారు. ఫలానా హద్దు దాటకూడదని ఆంక్ష పెట్టిన చోట పాసు లేకుండా బయట కనిపిస్తే పోలీసే కాదు, గ్రామ మునసబు, తలారి కూడా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. ఎరుకలందరినీ ఒకే రోజున రిజిస్టరు చేయలేదు. కానీ ఏ ఊళ్ళో ఎవరి పేరు ఎక్కిందో మునసబుకు తెలుసు, మనవాళ్ళకూ తెలుసు. పేరు ఎక్కని వాళ్ళు కూడా ఆ భయంతోనే బతికారు.

ఇప్పుడు చుట్టాలింటి ప్రయాణాన్ని ఈ చట్టంలో పెట్టి చూడండి. అక్క కూతురికి పేరు పెడుతున్నారు, రమ్మని కబురొచ్చింది. వెళ్ళేవాడు మునసబు దగ్గరకు పోయి, ఎక్కడికి, ఎందుకు, ఎన్నాళ్ళకు అన్నది చెప్పి పాసు తీసుకోవాలి. మునసబు ఊళ్ళో లేకపోతే ఆగాలి. పాసులో రాసిన రోజుకు తిరిగి రావాలి. పిల్లకు దారిలో జ్వరం వస్తే? వాగు పొంగితే? చంటిపిల్లలతో ప్రయాణం చేసిన ప్రతి తల్లికీ తెలుసు, అనుకున్న రోజుకు అనుకున్న చోటికి చేరడం ఎంత అరుదో. రోజు దాటితే అది నేరం. చావుకు వెళ్ళడం ఇంకా కష్టం, చావు ముందుగా చెప్పి రాదు కదా. పోలీసు రికార్డుల్లో పరారీ అని రాసిన వాటిలో ఎన్ని చావు కబుర్లో, ఎన్ని కాన్పులో ఎవరు లెక్కపెట్టారు?

చట్టంలో పిల్లల కోసం ఒక సెక్షనే ఉంది. నోటిఫై అయిన తెగల పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పారిశ్రామిక బడుల్లోనో, వ్యవసాయ బడుల్లోనో, సంస్కరణ బడుల్లోనో పెట్టే అధికారం ప్రభుత్వానికి ఇచ్చారు. ఆ సెక్షను దృష్టిలో పిల్లలంటే ఆరేళ్ళు దాటి పద్దెనిమిదేళ్ళ లోపువారు. అంటే చంకలో ఉన్నంతకాలం బిడ్డ తల్లిది, ఆరు దాటితే సర్కారు చెయ్యి వేయవచ్చు. ఇవాళ రైలుకు అయిదేళ్ళ లెక్క ఒకటి ఉంది, పక్కన కూర్చున్నవాళ్ళు "పాపకు ఎన్నేళ్ళు?" అంటే మనం నవ్వుతూ చెబుతాం. ఆనాటి తల్లి ఆ ప్రశ్నకు జవాబు చెప్పేముందు అడిగింది ఎవరా అని చూసి ఉంటుంది.

విజయవాడ నుంచి చెన్నై రైలెక్కితే సుమారు 430 కిలోమీటర్లు. ఆ దారంతా మన చరిత్రే. పిల్లకు కిటికీ పక్కన సీటు ఎలాగూ కావాలి, మనమూ చూడవచ్చు. కృష్ణ వంతెన దాటగానే సీతానగరం. అక్కడ ఒక సెటిల్‌మెంటు ఉండేది. తెనాలి, బాపట్ల దాటాక స్టువర్టుపురం. 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటు అది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్టు పేరు పెట్టారు. సెటిల్‌మెంటు మనుషుల్లో చాలామంది చీరాల పొగాకు కంపెనీలో కూలికి వెళ్ళారు. కంపెనీకి చౌకగా, కదలకుండా ఉండే కూలీలు దొరికారన్నది సంస్కరణ కథలో ఎవరూ గట్టిగా చెప్పని భాగం. సినిమాలు ఆ ఊరి పేరును దొంగల పేరుగా చేశాయి. ఎక్స్‌ప్రెస్ బండ్లు అక్కడ ఆగవు, బోర్డు మాత్రం కనబడుతుంది. చీరాల దాటాక చినగంజాం, ఉప్పు పండే ఊరు. ఒకప్పుడు మనవాళ్ళు ఇలాంటి తీరానికి గాడిదలతో స్వేచ్ఛగా వచ్చిపోయేవారు. తర్వాతి తరం అదే తీరంలో పాసుతో బతికింది. ఒంగోలు తర్వాత కావలి. అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఎరుకల సెటిల్‌మెంటు నడిపిన చోటు. దాని పక్కనే బిట్రగుంట దగ్గర కప్పరాళ్ళతిప్ప.

మన చుట్టాలు ఇన్ని చోట్ల ఎందుకున్నారని పిల్లలు అడుగుతారు. కొంత జవాబు ఈ స్టేషన్ల పేర్లలోనే ఉంది. ఒక కుటుంబంలో ఒకరిని సెటిల్‌మెంటుకు తీసుకెళ్ళారు, మరొకరు ఊళ్ళోనే బుట్టలల్లుతూ ఉండిపోయారు, ఇంకొకరు పేరు చెప్పకుండా పట్నంలో కలిసిపోయారు.

ఈ చట్టాన్ని ఎదిరించినవాళ్ళు ఉన్నారు. నెల్లూరుకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల కోసం, ఎరుకల కోసం ఏళ్ళ తరబడి పనిచేశారు. 1936లో నెల్లూరు వచ్చిన నెహ్రూ, ఇది పౌరస్వేచ్ఛకే విరుద్ధమని ఖండించారు. మద్రాసు రాష్ట్రం 1947లో చట్టాన్ని రద్దు చేసింది. అనంతశయనం అయ్యంగారు కమిటీ నివేదిక తర్వాత దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. అందుకే ఆగస్టు 31ని విముక్తి దినంగా జరుపుకుంటున్నాం. మద్రాసు వెంటనే అలవాటు నేరస్థుల చట్టం తెచ్చింది. కాగితం మారినంత తొందరగా ఠాణా చూపు మారలేదు.

ఆ చూపు పట్నంలో ఇప్పటికీ ఎదురవుతుంది. అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్ ఒక పుస్తకం తోస్తాడు: పేరు, ఊరు, ఎవరింటికి, వచ్చిన టైము, వెళ్ళిన టైము. అందరితోనూ రాయిస్తాడు, అందులో తప్పేమీ లేదు. కానీ మా ఇళ్ళలోని ముసలమ్మ ఒకామె ఆ పుస్తకం చూసి మనవరాలిని గట్టిగా పట్టుకుని నిలబడిపోయింది. "వెళ్ళే టైము ఇప్పుడే రాయాలా నాయనా?" అని అడిగింది. ఆ అబ్బాయికి ఆమె ఏమడుగుతోందో తెలియలేదు. ఇంట్లో ఉన్న కుర్రకారుకూ తెలియలేదు.

ఇంకో చిత్రం ఉంది. చెన్నైలో దిగితే అక్కడి మనవాళ్ళు కొరవర్లు. ముసలివాళ్ళు మన ఇంటి భాష మాట్లాడితే తమిళంవాళ్ళకు సగం అర్థమవుతుంది, పిల్లలకు అది పెద్ద ఆట. బెంగళూరులో కొరమ, కొరచ. ఇక్కడ మనం షెడ్యూల్డు తెగ, కర్ణాటకలో వాళ్ళు షెడ్యూల్డు కులం. ఒక్క రాత్రి ప్రయాణంలో సర్టిఫికెట్టు మారిపోతుంది. పెళ్ళి సంబంధాలు మాట్లాడేటప్పుడు ఇది చిన్న విషయం కాదు.

సెటిల్‌మెంట్లు, పాసులు కళ్ళారా చూసినవాళ్ళకు ఇప్పుడు ఎనభై అయిదు దాటి ఉంటాయి. బడి పిల్లలు సెలవులకు చుట్టాలింటికి వెళ్తుంటే గైర్హాజరు గుర్తు పెట్టి వదిలేయకుండా, అక్కడున్న తాతనూ అమ్మమ్మనూ నాలుగు మాటలు అడిగి రాసుకు రమ్మనండి. చిన్నప్పుడు ఎవరి ఇంటికి వెళ్ళేవారు? ఎవరిని అడిగి వెళ్ళేవారు? పాసు ఎలా ఉండేది, దాని మీద ఏ భాషలో రాసేవారు? పిల్లల పేర్లు కూడా రాసేవారా? గంపలో రాయి పెట్టేవారన్నది నిజమేనా? మేము మా బడిలో ఈ ప్రశ్నలు కాగితం మీద రాసిచ్చి పంపుతున్నాం. ఇప్పటికి పదకొండు కాగితాలు తిరిగి వచ్చాయి. వాటిలో రెండింటి మీద చంటిపిల్లలు గీసిన గీతలు కూడా ఉన్నాయి.