నిద్రమందుల కథ



సినిమాల్లో చెడ్డ శాస్త్రజ్ఞుణ్ణి మనం ఇట్టే గుర్తుపడతాం. చెదిరిన జుట్టు, చీకటి గది, పొగలు కక్కే గాజుబుడ్లు. ఏదో కనిపెట్టి లోకాన్ని గుప్పిట్లో పెట్టుకోవాలని చూస్తాడు. నిజంగా జరిగేది అలా వుండదండీ. చాలాసార్లు కనిపెట్టేవారు ఒకరు, దాన్ని స్వార్థానికి వాడుకునేవారు మరొకరు. ఇద్దరి చదువూ మాత్రం ఒకటే. ఇవాళ నిద్రమందుల కథ చెబుతాను. అది హైదరాబాదులో మొదలై, ప్రపంచం చుట్టి, మా జోగిపేట వైపు కల్లు దుకాణాల దాకా వచ్చింది.

1951 నాటి మాట. హైదరాబాదు ప్రయోగశాల డైరెక్టరుగా వున్న సయ్యద్ హుస్సేన్ జహీర్, ఇంద్ర కిశోర్ కక్కర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మలేరియాకు మందు వెతుకుతూ కొత్త పదార్థాలు తయారుచేశారు. వాటిలో ఒకటి మెథాక్వలోన్. ఆ ప్రయోగశాలే నేడు తార్నాకలో వున్న ఐ.ఐ.సి.టి. మలేరియా మాట ఎలా వున్నా, ఆ మందుకు నిద్రపుచ్చే గుణం వుందని 1955లో మన దేశపు పరిశోధకులే గమనించారు. ఆ రోజుల్లో నిద్రమాత్రలు కాస్త ఎక్కువైతే ప్రాణం పోయేది. ఇది వాటికన్నా మేలని పాశ్చాత్య దేశాలు సంబరపడ్డాయి. 1965లో ఇంగ్లండులో మాండ్రాక్స్ అన్న పేరుతో అమ్మకానికి వచ్చింది.

కానీ కొద్ది కాలానికే దానికి మత్తుమందుగా పేరు పడిపోయింది. అమెరికా 1984లో పూర్తిగా నిషేధించింది. నిషేధిస్తే పోతుందా? తయారీ తెలిసినవాళ్ళు దొంగచాటుగా తయారుచేశారు. దక్షిణాఫ్రికాలో దాన్ని నలగ్గొట్టి చిలుంలో పీల్చే అలవాటు పాకింది. అక్కడికి సరుకు ఎక్కువగా మన దేశం నుంచే వెళ్ళేది. 2016లో రాజస్థాన్‌లోని ఉదయపూర్‌లో ఒక్కచోటే 23 టన్నులకు పైగా మాండ్రాక్స్ పట్టుబడింది. ఇంకో విడ్డూరం చూడండి. ఆ దక్షిణాఫ్రికాలోనే, జాతివివక్ష ప్రభుత్వం 1980ల్లో నడిపిన రహస్య ఆయుధ పథకంలోనూ ఈ మందును పెద్ద ఎత్తున తయారుచేశారని 1998 విచారణల్లో బయటపడింది. ఆ పథకానికి అధిపతి ఒక గుండె డాక్టరు, వూటర్ బాసన్. జనసమూహాలను అదుపు చెయ్యడానికట! కోర్టు 2002లో ఆయన్ని నిర్దోషిగా విడిచిపెట్టింది. అయినా రోగం తగ్గించడం నేర్చిన చదువు ఎటు తిరిగిందో ఆలోచించండి.

ఇక మన ఇంటి దగ్గరికి వద్దాం. 1960ల్లో బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్. కర్మాగారం వచ్చింది. అక్కడ పని నేర్చినవారిలో కొందరు తర్వాత సొంతంగా పరిశ్రమలు పెట్టారు. కల్లం అంజిరెడ్డిగారూ అలా వచ్చినవారే. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం మందుల తయారీకి పేరుపడ్డాయి. ఖరీదైన మందులు సామాన్యుడికి అందుబాటులోకి వచ్చాయంటే అందులో ఈ ప్రాంతపు పాలు చాలా వుంది. ఆ మేలు కాదనలేం.

అయితే అదే విద్య మరో దారీ పట్టింది. తాటిచెట్లు, ఈతచెట్లు తగ్గాయి గాని కల్లు తాగేవారు తగ్గలేదు. మరి సీసాలు నిండేదెలా? నీళ్ళు, తీపికి శాకరిన్, మత్తుకు రసాయనం! మొదట్లో క్లోరల్ హైడ్రేట్, తర్వాత డైజిపామ్, ఇప్పుడు ఆల్ప్రాజోలం. ఈ చివరిది ఆందోళన తగ్గించడానికి డాక్టర్లు రాసే మందే. 1981లో అమెరికాలో అనుమతి పొందింది. ఒక చిన్న మాత్రలో వుండేది పావు మిల్లీగ్రాము. లెక్క మీరే వెయ్యండి. ఒక్క కిలో పొడి 40 లక్షల మాత్రలకు సమానం! మనం ఇంట్లో పంచదార కొలిచే డబ్బాలో పట్టేంత పొడితో ఎన్ని ఊళ్ళను తూలేలా చెయ్యవచ్చో!

సంగారెడ్డి జిల్లాలో ఇలాంటి దొంగ తయారీలు చాలాసార్లు పట్టుబడ్డాయి. దొరికినవారిలో కెమిస్ట్రీ చదివినవారు, మందుల కంపెనీల్లో పనిచేసినవారు వున్నారని పోలీసులే చెప్పారు. 2025లో హైదరాబాదు బోయినపల్లిలో ఏకంగా ఒక బడి భవనంలోనే తయారీ సాగుతున్నట్టు బయటపడింది. కింద పిల్లలకు పాఠాలు, పైన ఈ పని!

తాగేవాడికి అందులో ఏముందో తెలియదు. కలిపేవాడికి తెలుసు. తేడా అంతా అక్కడే వుంది. 2015లో ప్రభుత్వం కల్తీకల్లుపై గట్టిగా దాడులు చేసినప్పుడు ఏం జరిగింది? నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనానికి చేతులు వణికాయి, మూర్ఛలు వచ్చాయి, మతి తప్పింది. ఎంతోమందిని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి తీసుకువచ్చారు. తాము తాగుతున్నది చెట్టు కల్లు కాదని వాళ్ళలో చాలామందికి అప్పుడే తెలిసింది. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగి పలువురు ప్రాణాలే పోగొట్టుకున్నారు.

మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావుగారు ఎన్నో మందుల వెనుక వున్న మేధావి. పేరు కోసం, డబ్బు కోసం పాకులాడకుండానే 1948లో కన్నుమూశారు. ఆయన చదివిందీ శాస్త్రమే, కల్లు కుండలో పొడి కలిపేవాడికి పనికొచ్చిందీ శాస్త్రమే. కత్తి కూరా తరుగుతుంది, గొంతూ కోస్తుంది. పట్టిన చేతిని బట్టే ఏదైనా.

మన చేతిలో ఏముంది అంటారా? మన ఇంట్లో అంట్లు తోమే ఆమెకో, ఆమె భర్తకో పొద్దున్నే చేతులు వణుకుతుంటే, "తాగుబోతు" అని విసుక్కోకండి. ఉన్నపళంగా మానెయ్యమనీ చెప్పకండి, ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు రావచ్చు. ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళి, ఏ కల్లు తాగుతున్నారో డాక్టరుతో దాచకుండా చెప్పించండి. ఇక మన పిల్లలు కెమిస్ట్రీలో నూటికి నూరు తెచ్చుకుంటే మిఠాయి పంచుతాం కదా, పంచుదాం. ఆ చదువు ఎవరి కోసమో కూడా ఆ రోజే ఒక మాట చెబుదాం.

సెలవు.