జన్మకు ఒక్క బ్రూవరీ

ఇక చచ్చేదాకా ఒకే బ్రూవరీ బీరు తాగాలంటే దేన్ని ఎంచుకుంటావు? అమెరికాలో బీరు ప్రియులు నలుగురు కూడితే ఈ వాదన తప్పదు. బ్రూవరీలు తొమ్మిది వేలు దాటిన దేశం కదా, తెగేది కూడా కాదు. నా ఓటు మాత్రం సియెరా నెవాడాకే. ఉత్తర కాలిఫోర్నియాలో చికో అనే ఊళ్లో ఉంది. ఎందుకని అడిగితే, ఈ దేశం తన బీరును ఎలా పోగొట్టుకుందో ముందు చెప్పాలి.

పంతొమ్మిదో శతాబ్దంలో జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్లు ఊరూరా బీరు కాచారు. 1870లలోనే బ్రూవరీలు నాలుగు వేల పైచిలుకు. మగవాళ్ల కూలిడబ్బులు సెలూన్లనే తాగుడు దుకాణాల్లో ఆవిరవుతుంటే ఆడవాళ్లు ఊరుకోలేదు. 1874లో క్రైస్తవ మహిళల మద్యనిషేధ సంఘం పుట్టింది. దూబగుంట ఆడవాళ్ల సారా వ్యతిరేక పోరాటం తెలిసిన మనకు ఈ కథ కొత్త కాదు. అయితే సర్కారుకు మద్యం పన్ను పెద్ద రాబడి, దాన్ని వదులుకునేదెలా? 1913లో ఆదాయపు పన్ను వచ్చాక ఆ చిక్కు తీరింది. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి జర్మన్ల మీద కోపం రేగింది. బీరు కాచేవాళ్లలో ఎక్కువమంది జర్మన్లే. 1920 జనవరిలో దేశమంతటా నిషేధం అమల్లోకి వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో 1995లో పెట్టిన నిషేధం 1997కే సడలింది. అమెరికాలో దాదాపు పద్నాలుగేళ్లు నడిచింది. 1933లో ఎత్తేయడానికి ఒక కారణం మనకూ తెలిసిందే: మహామాంద్యంలో ఖజానాకు డబ్బు కావాలి.

అప్పటికి చాలా బ్రూవరీలు మూతపడ్డాయి. ఐస్‌క్రీమో, ఈస్టో అమ్ముకుని బతికి బయటపడ్డ పెద్ద కంపెనీలు మిగిలినవాటిని ఒక్కొక్కటిగా మింగేశాయి. 1970ల చివరికి దేశం మొత్తం మీద వంద బ్రూవరీలు కూడా లేవు. దొరికేదంతా పల్చటి, చల్లటి, ఒకే రుచి బీరు. దాన్ని మెచ్చుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లతో నాకు పేచీ లేదు.

నిషేధం పోయాక కూడా ఒక మెలిక మిగిలింది. ఇంట్లో వైన్ చేసుకోవచ్చు, బీరు కాచుకోకూడదు. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో ఆ అడ్డూ తొలగింది. అంతకు ముందు నుంచే చికోలో కెన్ గ్రాస్‌మన్ అనే కుర్రాడు ఇంట్లో బీరు కాచేవాళ్ల కోసం సరంజామా దుకాణం నడిపేవాడు. 1980లో పాల్ కముసీతో కలిసి బ్రూవరీ పెట్టాడు. చిన్న బ్రూవరీకి సరిపడే యంత్రాలు అమ్మేవాళ్లే లేరు. డెయిరీల పాత ట్యాంకులు తెచ్చి వెల్డింగ్ చేసుకున్నాడు. పేల్ ఏల్ అనే బీరు రుచి అనుకున్నట్టు కుదిరేదాకా మొదటి విడతలు పారబోశాడు. అందులో చేదుకూ వాసనకూ వాడిన హాప్స్ పూల రకం పేరు కాస్కేడ్. ఒరెగాన్‌లో ప్రభుత్వ వ్యవసాయ శాస్త్రవేత్తలు 1970ల మొదట్లో విడుదల చేసిన వంగడం అది. గ్లాసు ఎత్తగానే పంపరపనస తొక్క వాసన గుప్పుమంటుంది, వెనకే గట్టి చేదు తగులుతుంది. ఈ వాసనే తర్వాత అమెరికన్ చిన్న బ్రూవరీల ‘క్రాఫ్ట్’ బీరుకు గుర్తయిపోయింది.

మనసు మాట అడిగితే శాన్‌ఫ్రాన్సిస్కోలోని యాంకర్ బ్రూవరీని చెప్పాలి. 1965లో దివాలా అంచున ఉన్న ఆ పాత బ్రూవరీని వాషింగ్ మెషీన్ల కుటుంబపు వారసుడు ఫ్రిట్జ్ మేటాగ్ కొని నిలబెట్టకపోతే ఈ చిన్న బ్రూవరీల కథే వేరేగా ఉండేది. కానీ అది చేతులు మారింది. 2017లో జపాన్ కంపెనీ సప్పోరో కొంది, 2023లో మూసేస్తున్నామని ప్రకటించింది. మరుసటి ఏడాది ఇంకొకరు కొన్నారు. సొనోమాలో 1976లో మొదలైన న్యూ ఆల్బియన్, గ్రాస్‌మన్‌కు దారి చూపిన బ్రూవరీ, ఆరేళ్లకే చితికిపోయింది. జన్మంతా తాగాలని పందెం కట్టినప్పుడు రుచి ఒక్కటే చూస్తే చాలదు. యజమాని ఎవరో, రేపు అమ్ముకుంటాడేమో కూడా చూడాలి. చికోలో ఇంకా గ్రాస్‌మన్ కుటుంబమే యజమాని.

ఇంకో కారణమూ ఉంది. 2018 నవంబరులో చికో పక్కనున్న పారడైజ్ ఊరు కార్చిచ్చులో దాదాపు పూర్తిగా కాలిపోయింది. 85 మంది పోయారు. సియెరా నెవాడా ఒక బీరు తయారీ విధానం పంపి, ‘మీరూ కాచండి, వచ్చిన డబ్బు బాధితులకివ్వండి’ అని దేశంలోని బ్రూవరీలను కోరింది. పద్నాలుగు వందలకు పైగా బ్రూవరీలు కాచాయి. పోటీదారులు కూడా కాదనలేదు.

ఈ వైపు వచ్చేవాళ్లకు శాక్రమెంటో నుంచి చికో గంటన్నర దారి. బ్రూవరీ చూపిస్తారు, భోజనమూ దొరుకుతుంది. కారు నడిపేవాళ్లు మాత్రం గ్లాసు ముట్టొద్దు. తాగి నడిపిన కేసు పడితే ఇక్కడ వీసాకే ఎసరు రావచ్చు.